క్రీ.పూ. 384 తర్వాత మాన్లియస్ వంశంలో మార్కస్ ఎవరైనా ఉన్నారా?

మార్కస్ అనే రోమన్ పేరు చరిత్ర మీద ఒక నోట్ రాస్తూ ఒక్కచోట ఇరుక్కుపోయాను. క్రీ.పూ. 392లో కాన్సుల్‌గా (రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) చేసిన మార్కస్ మాన్లియస్ కాపిటోలినస్, అదే, బాతుల అరుపులకు లేచి రోమ్ మీద దాడి చేసిన గాల్ జాతి సైన్యాన్ని కొండ మీద నుంచి నెట్టేశాడని చెప్పే మనిషి, తర్వాత అప్పుల్లో మునిగిన సామాన్యుల పక్షాన నిలబడి, రాజు కావాలని చూస్తున్నాడన్న నేరం మీద 384లో చనిపోయాడు. ఇకపై తమలో ఎవరికీ మార్కస్ పేరు పెట్టకూడదని ఆ వంశం తీర్మానించిందని రోమన్ రచయితలు లివీ, సిసిరో ఇద్దరూ రాశారు.

తీర్మానం సరే, అది నిజంగా అమలైందా అన్నదే నా సందేహం. కాన్సుల్స్ జాబితాల్లో ఆ తర్వాత టైటస్, లూసియస్, నేయస్, ఔలస్ లాంటి పేర్లే తగిలాయి. శాసనాల డేటాబేస్‌లో వెతికితే ఇంకో తలనొప్పి. మార్కస్‌కు పొట్టి రూపం ‘ఎం’, మానియస్ అనే ఇంకో పేరుకు అదే అక్షరం పక్కన చిన్న కామా, స్కాన్‌లో ఆ కామా ఎగిరిపోతోంది. పైగా మానిలియస్ అనేది వేరే వంశం, క్రీ.పూ. 149లో కాన్సుల్ అయిన మానియస్ మానిలియస్ కూడా కొన్నిచోట్ల మార్కస్ మాన్లియస్‌లా కనిపిస్తున్నాడు! స్వేచ్ఛ పొందిన బానిసలు యజమాని వంశం పేరు పెట్టుకునేవాళ్లు కాబట్టి వాళ్లను లెక్కలోంచి తీసేశాను.

384 తర్వాత పుట్టిన పెట్రీషియన్ (రోమ్ పాత కులీన వర్గం) మార్కస్ మాన్లియస్ ఒక్కడైనా, రాతి శాసనంలో గానీ నాణెం మీద గానీ, అనుమానం లేకుండా మీకు ఎక్కడైనా కనిపించాడా?