“గెల్తుమనంగరాదు రా”: ఆ ‘రా’ ఎవరిది?

బక్కై బాబాయ్:
శనివారం (2024 నవంబరు 30) ఆట అయిపోయినప్పటి నుంచి ఒక పద్యం నోట్లో నానుతోంది, పూర్తిగా రావడం లేదు. “వచ్చినవాఁడు ఫల్గుణుఁ డవశ్యము గెల్తు మనంగరాదు రా...” ఆ తర్వాత ఏదో లచ్చి. “బలంబులు రెండును గెల్వనేర్చునే” గట్టిగా గుర్తుంది. చివర “తగున్”. మా ఓహయో స్టేట్ (అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు) వాట్సాప్ గ్రూపులో మా అఫెన్స్ కోచ్ చిప్ కెల్లీ ప్లే కాలింగ్ (ఎప్పుడు ఏ ఎత్తు ఆడాలో చెప్పడం) మీద పెడదామని. సొంత మైదానంలో దాదాపు 20 పాయింట్ల ఫేవరెట్‌గా దిగి, అప్పటికి 6-5తో ఈడుస్తున్న మిషిగన్ చేతిలో 13-10తో ఓడిపోయాక మామూలు తిట్లు సరిపోవడం లేదు. అసలు సందేహం ఇది: “రాదురా” అని భీష్ముడు దుర్యోధనుణ్ణి అంటున్నాడా, లేక ఆ ‘రా’ తర్వాతి మాటలో ముక్కా?

ఛందస్సు పిచ్చి:
పూర్తి పద్యం ఇదిగో, తిక్కన విరాటపర్వం. ఆవుల కోసం వచ్చిన కౌరవసేన మీదికి అర్జునుడు వచ్చినప్పుడు భీష్ముడు దుర్యోధనుడితో అన్నది.

వచ్చినవాఁడు ఫల్గుణుఁ డవశ్యము గెల్తు మనంగరాదు రా
లచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వనేర్చునే
హెచ్చగుఁ గుందగుం దొడరు టెల్ల విధంబుల కోర్చు టట్లు గా
కిచ్చఁ దలంచి యొక్కమెయి నిత్తఱిఁ బొందగు చేతయుం దగున్

ఉత్పలమాల. పాదం ‘రా’ దగ్గర తెగింది, మాట తెగలేదు. రాలచ్చి అంటే రాజ్యలక్ష్మి. రాచిలుక, రాయంచ, రాకొమరుడు లాంటిదే. ఇందులో చర్చకేముంది?

డౌటు దొర:
చాలా ఉంది మాస్టారూ. ‘రా’ తీసేసి చదవండి. “లచ్చికినై పెనంగిన బలంబులు” అన్నా అర్థం నిండుగానే ఉంది కదా. లచ్చి కోసం పెనుగులాడే రెండు సేనలు. అప్పుడు ‘రా’ పిలుపుగా మిగులుతుంది. తాత వరస వాడు, మనవడిని ‘రా’ అంటే తప్పేంటి?

పెన్నా ఒడ్డు:
కౌరవసేన మొత్తం వింటుండగా భీష్ముడు రాజుని ‘రా’ అంటాడా? మీ ఇంట్లో అంటారేమో. తిక్కన పాత్రలకు ఎవరితో ఎలా మాట్లాడాలో తెలుసు. “ఎవ్వానివాకిట నిభమద పంకంబు” గుర్తు చేసుకోండి. కళ్లముందు వంటవాడిగా ఉన్న భీముడితో, కంకుభట్టుగా ఉన్న మొగుడి గురించి ద్రౌపది ఎంత ఎత్తులో మాట్లాడుతుందో. ఆ సీసం నాకు నిద్రలో లేపినా

ఛందస్సు పిచ్చి:
నెల్లూరాయన సీసం ఎత్తుకుంటే ఇక ‘రా’ సంగతి తేలినట్టే. అన్నా, కాస్త ఆగు. పాదం చివర మాట విరవడం ఈ ఘట్టంలో తిక్కనకు కొత్త కాదు. అర్జునుణ్ణి చూసి చెప్పిన “సింగం బాఁకటితో” పద్యం తీయండి. మొదటి పాదం చివర “యుండి మా”, రెండో పాదం “తంగస్ఫూర్జిత”. రెండో పాదం చివర “వచ్చు నో”, మూడో దాని మొదలు “జం గాంతార”. మూడో పాదం చివర “వీఁడె వ”, నాలుగోది “చ్చెం గుంతీసుతమధ్యముండు”. మూడు చోట్లా మాట మధ్యలోనే తెంపాడు. అక్కడ “మా” అని ఎవరైనా భీష్మద్రోణులకు బహువచనం అంటగడతారా?

డౌటు దొర:
అక్కడ తెంపిన ముక్కకి అర్థం లేదు. ఇక్కడ ఉంది. తేడా అదే.

ఆన్ ఆర్బర్ అల్లుడు:
నమస్కారం బాబాయ్. ఓడినవాళ్లకు పద్యం కావాలంటే గెలిచిన మిషిగన్ వాణ్ణి నేనే సాయం చేస్తాను. మీరు పట్టుకున్న పద్యం సరైనదే, పాత్రలే తారుమారయ్యాయి. ఆ రోజు వచ్చినవాడు ఫల్గుణుడని మీవాళ్లు అనుకోలేదు. బృహన్నల అనుకున్నారు. మా మేటి ఆటగాళ్లు విల్ జాన్సన్ లేడు, కోల్‌స్టన్ లవ్‌లాండ్ లేడు, మా క్వార్టర్‌బ్యాక్ ఆట మొత్తం మీద విసిరింది 62 గజాలు. చీర కట్టుకుని రథం ఎక్కినట్టే వచ్చాం. గాండీవం మాత్రం మా డిఫెన్స్ మధ్యలో ఉంది, మేసన్ గ్రాహం, కెన్నెత్ గ్రాంట్. మీ కెల్లీ సరిగ్గా దానికి ఎదురుగానే రథం తోలాడు.

బక్కై బాబాయ్:
అదే నా బాధ అల్లుడూ. బయట పాస్‌లు పట్టడానికి జెరమయా స్మిత్, ఎగ్‌బుకా, టేట్ ఉన్నారు. ఇటు చూస్తే సెంటర్ మెక్‌లాఫ్లిన్‌కి కాలి మడమ దగ్గర తెగింది, లెఫ్ట్ టాకిల్ సిమన్స్ అక్టోబరులోనే మోకాలితో పోయాడు. అతుకుల లైన్‌తో ఫస్ట్ డౌన్‌లో (మొదటి ప్రయత్నంలో) మా క్వార్టర్‌బ్యాక్ హోవర్డ్ బంతి తీసుకెళ్లి రన్నర్ హెండర్సన్ పొట్టలో పెడతాడు, గ్రాంట్ ఒక్క అడుగు పక్కకు వేసి మీద పడతాడు, రెండు గజాలు. సెకండ్ డౌన్, ఈసారి జడ్కిన్స్, మళ్లీ అదే సందు. మొత్తం 26 రన్‌లకు 77 గజాలు. రెండో సగంలో ఒక్క పాయింట్ లేదు. సందు మూసుకుపోయిందని పై వరసలో కూర్చున్నవాడికి కనిపిస్తోంది, బాక్సులో కూర్చున్నాయనకి కనిపించలేదు.

పాతపుస్తకం:
ఆటల సంగతి నాకు తెలియదు. మూలం చూస్తే సందేహం తీరుతుందేమో. వ్యాసుడి శ్లోకం ఇది: “న హి పశ్యామి సంగ్రామే కదాచిదపి కౌరవ / ఏకాంతసిద్ధిం రాజేంద్ర సంప్రాప్తశ్చ ధనంజయః”. యుద్ధంలో తప్పక గెలుస్తామన్న మాట ఎన్నడూ చూడలేదు, పైగా వచ్చినవాడు ధనంజయుడు. సంస్కృతంలో ఆ మాట శ్లోకం చివర ఉంది. తిక్కన దాన్ని లాక్కొచ్చి ఎత్తుగడలో పెట్టాడు. ముందు మనిషిని చూపించాడు, ఆ తర్వాతే లెక్క. పద్యం బలమంతా అక్కడుంది, మీరేమో ఒక్క అక్షరం పట్టుకు వేలాడుతున్నారు.

డౌటు దొర:
పాతపుస్తకం గారూ, మీరే దొరికిపోయారు. మూలంలో “కౌరవ”, “రాజేంద్ర” అని రెండు సంబోధనలు. తెలుగులో ఒక్కటీ లేదు. రెండు పిలుపులూ ఏమైనట్టు? “రాజేంద్ర”లో మొదటి అక్షరం మిగిలింది, రా!

ఛందస్సు పిచ్చి:
ఇది వ్యాకరణం కాదు, కుట్ర సిద్ధాంతం.

పాతపుస్తకం:
వెంటనే దుర్యోధనుడి జవాబు వినండి. “నాహం రాజ్యం ప్రదాస్యామి పాండవానాం పితామహ”. రాజ్యం ఇవ్వనంటున్నాడు. ఆవుల గొడవ కాదది, రాజ్యం గొడవేనని ఇద్దరికీ తెలుసు. అందుకే రాలచ్చి. ఒట్టి లచ్చి అంటే ఆవులూ లచ్చే కదా.

పెన్నా ఒడ్డు:
బాగుంది. అయితే ధనంజయుణ్ణి ఫల్గుణుడిగా ఎందుకు మార్చాడో అదీ చెప్పండి.

ఛందస్సు పిచ్చి:
గణం. “వాఁడు ధ” అంటే గురువు, లఘువు, లఘువు. రగణం కుదరదు. “డర్జును” పెట్టినా కుదరదు. “వాఁడు ఫల్” సరిగ్గా కూర్చుంటుంది. పదో అక్షరం ‘వ’, యతి కూడా హాయిగా పడింది.

పెన్నా ఒడ్డు:
గణం కోసం పేరు మార్చాడనడం తిక్కనకు అవమానం. కాసేపటి క్రితమే ఉత్తరుడికి తన పది పేర్లూ చెప్పుకున్నాడు అర్జునుడు. అందులో ఇదొకటి, ఉత్తర ఫల్గునీ నక్షత్రంలో పుట్టినందుకు. పాఠకుడి చెవిలో ఆ పేరు ఇంకా మోగుతుండగానే భీష్ముడి నోట పలికించాడు. ఇంకో మాట. ఫల్గునుడు అనాలి, ‘న’తో. ‘ణ’ మన తెలుగువాళ్ల అలవాటు.

ఛందస్సు పిచ్చి:
తెలుగు పద్యానికి తెలుగు అలవాటే ప్రమాణం అన్నా. ‘న’ అని చదివి చూడు, పాదం చప్పబడిపోతుంది.

ఆన్ ఆర్బర్ అల్లుడు:
న, ణ మీరు తేల్చుకోండి. నాకు నాలుగో పాదం మీద డౌటు. “పొందగు చేత” అంటే సంధి అనుకుంటే, మా బాబాయ్ జట్టు ఆ పని కూడా చేసింది కదా. ఫీల్డ్ గోల్ తన్నడానికి మూడుసార్లు వెళ్లారు, పడింది ఒక్కటే. 38 గజాలు ఒకసారి, 34 గజాలు ఒకసారి, ఆ రెండూ పోయాయి. చివర్లో మా జ్వాడా 45 సెకన్లు ఉండగా 21 గజాల నుంచి తన్నాడు, పడింది. పొందు కోరినా లచ్చి రావాలని రూలేం లేదు.

బక్కై బాబాయ్:
ఫీల్డ్ గోల్ పొందు ఎలా అవుతుందిరా? మూడు పాయింట్లు దోచుకోవడం అది. పొందు అంటే పంట్. బంతి అటు ఇచ్చేసి, మా డిఫెన్స్ చూసుకుంటుంది లెమ్మనడం.

డౌటు దొర:
చూశారా, బాబాయ్ అల్లుణ్ణి ‘రా’ అన్నాడు. అందరి ముందూ. భీష్ముడికి మాత్రం మర్యాదలు!

పెన్నా ఒడ్డు:
మళ్లీ మొదటికి వచ్చాం.

పాతపుస్తకం:
ఆటే మాట్లాడుకునేటట్టయితే పద్యం తర్వాత ఏం జరిగిందో చూడండి, మీ కోచ్‌కి పనికొచ్చేది అదే. రాజ్యం ఇవ్వనన్నాక భీష్ముడు వాదించలేదు. వెంటనే సేనను పంచాడు. పావు భాగం రాజుతో నగరానికి, పావు భాగం ఆవులతో, మిగిలిన సగం ద్రోణుడు, కర్ణుడు, అశ్వత్థామ, కృపుడు, తను కలిసి అర్జునుణ్ణి ఆపడానికి. అర్జునుడు ఏం చేశాడు? ఎదురుగా ఇంతమంది మహారథులు నిలబడితే వాళ్లతో పెట్టుకోలేదు. రాజు ఇక్కడ లేడు, దక్షిణంగా పోతున్నాడని కనిపెట్టి అటే తోలమన్నాడు ఉత్తరుణ్ణి.

ఆన్ ఆర్బర్ అల్లుడు:
అయ్యా, దీన్నే మేం డిఫెన్స్‌ని చదవడం అంటాం. ఎక్కడ బలం పోగేశారో అక్కడికి పోకూడదు. కెల్లీకి ఎవరైనా విరాటపర్వం పంపండి.

బక్కై బాబాయ్:
ఇంకో వింత చెప్పనా? కెల్లీ న్యూ హాంప్‌షైర్‌లో కోఆర్డినేటర్‌గా ఉన్నప్పుడు అక్కడ క్వార్టర్‌బ్యాక్ రయన్ డే. ఇప్పుడు ఆ శిష్యుడు హెడ్ కోచ్, గురువుగారు యూసీఎల్‌ఏ పెద్దరికం వదులుకుని వచ్చి ఇతని కింద ప్లేలు పిలుస్తున్నాడు. “మాస్టారూ, ఆ సందు వదిలేయండి” అని చెప్పడానికి డేకి నోరు రాలేదేమో. నా ఊహే అనుకోండి. ఈ ఓటమితో మిషిగన్ మీద డే లెక్క 1-4 అయింది. సగం తప్పు ఆయనదే.

పెన్నా ఒడ్డు:
అజ్ఞాతవాసం గడువు లెక్క కూడా భీష్ముడే చెప్పాడు, ఐదేళ్లకు రెండు అధికమాసాల చొప్పున. గడియారం మీద పట్టున్న పెద్దమనిషి. టైమవుట్‌లు వృథా చేసేవాడు కాదు.

డౌటు దొర:
మీరంతా ఫుట్‌బాల్‌లో పడ్డారు. నా ‘రా’ ఎవరికీ పట్టలేదు.

(2025 జనవరి 21)

బక్కై బాబాయ్:
ఈ దారం మళ్లీ పైకి లాగుతున్నా. ప్లేఆఫ్‌లో టెనెసీ, ఆరెగాన్, టెక్సస్‌లను దాటి, నిన్న రాత్రి అట్లాంటా ఫైనల్లో నోటర్ డామ్ మీద 34-23. ఛాంపియన్లం. 31-23 దగ్గర, థర్డ్ డౌన్, 11 గజాలు కావాలి. టెన్షన్‌తో చచ్చాం. నవంబరు కెల్లీ అయితే మధ్యలోకి రన్ పిలిచి గడియారం తిప్పేవాడు. నిన్న జెరమయా స్మిత్‌కి 56 గజాల పాస్ వేయించాడు. ఇప్పుడు నాలుగో పాదంలో “ఒక్కమెయి” కొత్తగా కనిపిస్తోంది. ఒకే దారి పట్టుకుని అని కదా? నవంబరులో ఓడగొట్టింది ఆ ఒక్కమెయే.

ఛందస్సు పిచ్చి:
అభినందనలు. కానీ అర్థం అది కాదు. ఒక్కమెయి అంటే ఒక విధంగా, ఎలాగోలా. ఇష్టం ఉన్నా లేకపోయినా మనసులో ఆలోచించుకుని ఏదో ఒకలాగ పొందు చేసుకోవడమూ తగును అని.

పెన్నా ఒడ్డు:
నేను ఏకాభిప్రాయంగా అని చదువుకున్నాను ఇన్నాళ్లూ. కర్ణుడు ఒకటి, ద్రోణుడు ఒకటి అంటున్నారు కదా అప్పటిదాకా, అందరూ ఒక్క మాట మీదికి రండి అని. నాకదే అందంగా ఉంది.

ఆన్ ఆర్బర్ అల్లుడు:
ఛాంపియన్లయితే అయ్యారు, మాతో 13-10 మాత్రం చెరగదు బాబాయ్.

డౌటు దొర:
ఒక్కమెయి ఎటైనా పోనివ్వండి, “చేతయుం”లో ‘యుం’ చూడండి. పొందు ‘కూడా’ తగును అన్నాడంటే, యుద్ధమూ తగునని ముందే ఒప్పుకున్నట్టు. అంటే భీష్ముడు సంధి చేసుకోమని చెప్పనే లేదు. రెండు ప్లేలు పిలిచి ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు.

పాతపుస్తకం:
మూలంలోనూ అంతే. “కర్మ వా ధర్మసంహితమ్”. యుద్ధానికి తగిన పనైనా, ధర్మమైన పనైనా చెయ్యమన్నాడు.

డౌటు దొర:
అక్కడ ‘వా’, ఇక్కడ ‘యుం’. ‘లేదా’ వేరు, ‘కూడా’ వేరు. తిక్కన అంత తేలిగ్గా మార్చడు.

ఛందస్సు పిచ్చి:
గణం కోసం మార్చాడని నేనంటే పెన్నా ఒడ్డున మళ్లీ అలక మొదలవుతుంది. భోజనం చేసి వచ్చి రాస్తాను.