మిర్రర్‌మియర్‌ని తెలుగులో ఏమందాం?

టోల్కీన్ ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లోని మిర్రర్‌మియర్ సరస్సుకి తెలుగు పేరేమిటని అడిగారు. ఇప్పటికే ‘అద్దాల చెరువు’, ‘దర్పణ సరోవరం’, ‘నీడల కొలను’ అన్న సూచనలు వచ్చాయి. నా మాట ‘అద్దపుమడుగు’.

ముందు ఆ నీళ్లెలాంటివో చూడాలి. కొండల కింద మరుగుజ్జులు తవ్వుకున్న మోరియా అనే పాత నగరం తూర్పు ద్వారం బయట, మూడు పెద్ద శిఖరాల కింద, ఈటెమొన ఆకారంలో ఉంటుందది. అలలుండవు. నీళ్లు చిక్కటి నీలం. చుట్టూ పచ్చిక, అంచున మాత్రం ఏమీ మొలవదు. మరుగుజ్జు జాతి ఏడుగురు మూలపురుషుల్లో పెద్దవాడైన దూరిన్ అందులోకి వంగి చూస్తే, తన తల నీడ మీద ఏడు నక్షత్రాలు కిరీటంలా కనిపించాయి. ఆయన మళ్లీ మేల్కొనేదాకా ఆ కిరీటం నీళ్లలోనే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఎన్నో యుగాల తర్వాత గిమ్లీ అనే మరుగుజ్జు, అతని సహచరులు ఫ్రోడో, శామ్ వచ్చి చూస్తారు. పట్టపగలే నీళ్లలో కొండలు, చుక్కలు కనిపిస్తాయి, వాళ్ల నీడలు మాత్రం కనిపించవు. చూసేవాడి ముఖం చూపించని అద్దమది! అందుకే ‘నీడల కొలను’ నాకు నచ్చలేదు. లేని నీడని పేరులో పెట్టినట్టవుతుంది.

‘చెరువు’ అనగానే మనకి కట్ట, తూము, ఆయకట్టు గుర్తొస్తాయి. అది మనుషులు కట్టుకున్నది. ‘కొలను’ అంటే తామరలు ఉండాల్సిందే. ‘సరోవరం’ కూడా అంతే, హంసల్ని వెంటబెట్టుకొస్తుంది. పోతన గజేంద్రమోక్షంలోని సరస్సు కూడా త్రికూటమనే మూడు శిఖరాల కొండ మీదిదే. భాగవతం ఆ శిఖరాల్లో ఒకటి బంగారం, ఒకటి వెండి, ఒకటి ఇనుము అంటుంది. మిర్రర్‌మియర్ మీది మూడు శిఖరాల్లోనూ ఒకదాని పేరులో వెండి ఉంది! ఒకరిని చూసి ఇంకొకరు రాశారని నేననడం లేదు. కానీ ‘కరి దిగుచు మకరి సరసికి’ అని చదివినప్పుడు మన కళ్లముందుకొచ్చే సరస్సు తామరలతో, ఏనుగుల జలక్రీడతో కళకళలాడుతుంటుంది. ఇక్కడ ఆ సందడే లేదు.

మడుగులో లోతుంది, నిశ్చలత ఉంది, కాస్త భయమూ ఉంది. కాళింది మడుగు తెలియని తెలుగువాళ్లు ఎవరు? ఇంకో సంగతి. ఇంగ్లీషులో సరస్సు అనే అర్థమున్న ‘మియర్’ రోజూ వాడే మాట కాదు, ఇంగ్లండులోని విండర్‌మియర్ లాంటి స్థలాల పేర్లలో మిగిలిన పాత మాట. మనకి జమ్మలమడుగు ఉందిగా.

ఇక అద్దం. మరుగుజ్జుల భాషలో దీని పేరు ఖెలెద్-జారమ్. ‘ఖెలెద్’ అంటే గాజు. ఇంగ్లీషు పేరులో అది ముఖం చూసుకునే అద్దమైంది. తెలుగులో అద్దం కిటికీకీ ఉంటుంది, గోడకీ ఉంటుంది. రెండర్థాలూ ఒక్క మాటలో ఒదిగిపోయాయి. ‘దర్పణం’లో ఆ గాజు రాదు. ‘అద్దాల’ అని బహువచనం చేస్తే అద్దాలమేడ గుర్తొస్తుంది, అదీ వద్దు.

‘అద్దపు’ వ్యాకరణమేనా అన్నవారికి: బాలవ్యాకరణంలో ‘కర్మధారయంబులందు మువర్ణకంబునకుఁ బుంపులగు’ అని చిన్నయసూరి సూత్రం ఉంది. అంటే అలాంటి సమాసాల్లో మొదటి మాట చివరి ‘ము’ పోయి ‘పు’ గానీ ‘ంపు’ గానీ వస్తుంది. ముత్యపుచిప్పలాగే అద్దపుమడుగు.

అసలు పేర్లు అనువదించవచ్చా అన్న అనుమానానికి టోల్కీనే జవాబిచ్చారు. అనువాదకుల కోసం ఆయన రాసిన పేర్ల వివరణ 1975లో అచ్చయింది. ఇంగ్లీషులో అర్థమయ్యే పేర్లని ఎవరి భాషలోకి వాళ్లు అర్థాన్ని బట్టి మార్చుకోవాలి, కథలోని ఎల్ఫ్ అనే జాతివాళ్ల పేర్లలాంటి పరభాషా నామాల్ని అలాగే ఉంచాలి అన్నది అందులోని పద్ధతి. కాబట్టి మిర్రర్‌మియర్ అద్దపుమడుగు కావచ్చు, ఖెలెద్-జారమ్‌ని మాత్రం ముట్టుకోకూడదు. గిమ్లీ నోట ఆ పేరు వచ్చినప్పుడు పిల్లలకి కొత్తగానే వినిపించాలి.

నా మాట విని ఒకరు ‘మడుగు అంటే రక్తపుమడుగే గుర్తొస్తోంది’ అన్నారు. పేపర్ల పుణ్యమా అని అది నిజమే. అయినా ముందు ‘అద్దపు’ చేరాక ఆ ఎరుపు నిలవదని నా నమ్మకం. పైకి చదివి చూడండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే ‘అద్దపుగుండం’ అనండి, చెరువు మాత్రం వద్దు.