అప్‌డేట్: బొంగరం నిలబడింది, ట వత్తు ఊడింది

మా టిఫిన్ హోటల్ ముందు ఏటికొప్పాక లక్కబొమ్మల తరహాలో ఆరడుగుల బొంగరం పెడదామని థర్మాకోల్‌తో చేయిస్తే, ఎనామిల్ పెయింట్ వేయగానే అది కరిగి గుంటలు పడిందని రెండు నెలల క్రితం అడిగాను కదా. తిన్నర్ తగిలితే థర్మాకోల్ నిలవదని చెప్పిన అన్నయ్యకి దండం. పెయింటర్‌కి ఆ ముక్క ముందే తెలిసుంటే నాలుగు డబ్బులు మిగిలేవి.

ఈసారి ఇనుప చువ్వల ఫ్రేమ్‌కి కోళ్ల జాలి చుట్టి, ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్ల ఇసుక కలిపి మెత్తించాం. పది రోజులు తడి గోనెసంచులు కప్పే ఉంచాం. ఏటికొప్పాక బొమ్మల్లో అంకుడు కర్రకి లక్క పట్టించినప్పుడు వచ్చే నిగనిగ మాత్రం రాలేదు. పసుపు, ఎరుపు చారలతో దూరానికి బాగానే ఉంది. పిల్లలు తిప్పాలని చూస్తున్నారు!

బోర్డు సంగతే తేలలేదు. ‘పెసరట్టు’ అక్షరాలు యాక్రిలిక్‌లో కోయించాం. కింద విడిగా అతికించిన ట వత్తు మొన్నటి గాలికి పడిపోయింది. ఇప్పుడు ‘పెసరటు’ అని వెలుగుతోంది. వత్తుని పై అక్షరంతో కలిపి ఒకే ముక్కగా కోయమంటే, అందం పోతుందంటున్నాడు బోర్డు కుర్రాడు. వెనక స్క్రూలు బిగిస్తే ఆగుతుందా?