ఎముక లేని చెయ్యితో వ్యాపారం నడుస్తుందా? (కొట్టులో అరువు గురించి)

తెనాలి కొట్టు:
మాది తెనాలి దగ్గర కిరాణా కొట్టండి, నాన్నగారు మొదలుపెట్టింది, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. అరువు ఖాతా పుస్తకం అప్పట్నుంచీ ఉంది, ఎక్కువ మంది కూలి పనులకి వెళ్ళేవాళ్ళే, పనులున్నప్పుడు వారం వారం కట్టేస్తారు, వానలు పట్టుకున్నాయంటే ఇక బాకీ పేరుకుపోతది. మాకు సరుకు వేసే ఏజెన్సీ వాళ్ళేమో వారం కంటే గడువివ్వరు. తమ్ముడు అరువు మొత్తం ఆపేద్దాం, తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటాడు. నాన్నగారేమో ఆకలితో వచ్చినోళ్ళని వెనక్కి పంపి ఇంకెవరికి అమ్ముతార్రా అంటారు. వ్యాపారంలో ఉదారంగా ఉండాలా వద్దా, ఉంటే ఎంతవరకు? కొట్టు నడిపినవాళ్ళు చెప్పండి.

వరంగల్ దుకాణం:
ఉద్దెర బంద్ పెట్టుడే మంచిదన్నా. మా దుకాణంల చూసిన, పైసలు బాకీ ఉన్నోడు మన ముంగట నుంచి పోనే పోడు, సందులకెళ్లి తిరిగి పోతడు, చేతిల నగదు ఉన్ననాడు ఇంకో దుకాణంల కొంటడు. ఇటు సరుకు పోయె, అటు గిరాకీ పోయె. వందకు ఎనిమిది రూపాయలు మిగిలే నూనె ప్యాకెట్ పైసలు ఒక్కడు ఎగ్గొడితే అవి పూడ్చనీకి ఇంక పదకొండు పన్నెండు ప్యాకెట్లు అమ్మాలె. దానం చెయ్యాలనిపిస్తే గుళ్ళె అన్నదానానికి రాయిన్రి, లెక్కన్న ఉంటది.

కోనసీమ:
అలా అనేస్తే ఎలాగండీ. మా లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు గోదావరి దాటి వచ్చినవాళ్ళకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. ఆవిడ పోయింది 1909లో, ఇప్పటికీ బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారంటే ఊరికేనా? లాభం ఎంతొస్తుందని చూసుకుని వడ్డించారా ఆవిడ?

మైలాపూర్ తెలుగు:
సీతమ్మ గారికి చేతులెత్తి దణ్ణం పెడతాను కానీ కోనసీమ గారూ, ఆవిడకి ఏజెన్సీకి సోమవారం డబ్బు కట్టే పని లేదు కదండీ. తెనాలి గారు అడిగింది కొట్టు గురించి. దానికి సరిగ్గా సరిపోయే మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, కొత్తలో ఎవరికీ తెలియని మందు, సంగీత కచేరీలకి వెళ్ళి అక్కడ జనానికి ఊరికే పంచారు, అలా వాడి చూసినవాళ్ళు కొనడం మొదలుపెట్టారు. తర్వాత ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా పెట్టి 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు, 1924లో భారతి సాహిత్య పత్రిక, 1926లో పుస్తకాలు వెయ్యడానికి ఆంధ్ర గ్రంథమాల, ఇవి కాక అడిగినవాళ్ళకి ఇచ్చింది ఎంతో లెక్కలేదు, విశ్వదాత అని ఊరికే అనలేదు ఆయన్ని. కంపెనీ మునిగిపోయిందా? నూట ముప్పై ఏళ్ళు దాటాయి, ఇవాళ కూడా మందుల షాపులో అడిగితే ఇస్తారు.

హైటెక్ సిటీ:
బ్రో కచేరీలో సాంపిల్ పంచడం ఉదారత ఏంటి, అది పక్కా మార్కెటింగ్. ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో బిస్కెట్ ముక్క చేతిలో పెడతారు, అది దానమా? రిటర్న్ వస్తుందనే కదా ఇచ్చేది.

మైలాపూర్ తెలుగు:
సాంపిల్ మార్కెటింగే, ఒప్పుకుంటున్నా, నేను దానం అనలేదు. దానం అన్నది ఆ తర్వాతది. గ్రంథమాల వేస్తే ఇంకో నాలుగు సీసాలు అమ్ముడుపోతాయని వెయ్యలేదు కదా ఆయన. తిరిగొస్తుందని లెక్కేసి ఇచ్చేది ఖర్చు, రాకపోయినా పర్లేదని ఇచ్చేది దానం, ఈ రెండూ ఒకే పుస్తకంలో కలిపి రాస్తేనే గొడవంతా. పంతులు గారు ఇచ్చింది మిగిలిన దాంట్లోంచి, సరుకు కొనాల్సిన డబ్బులోంచి కాదు.

ఇంకోటి చూడండి, మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి. 1976లో డాక్టర్ వెంకటస్వామి గారు పదకొండు మంచాలతో పెట్టారు, కట్టగలిగినవాళ్ళ దగ్గర ఫీజు తీసుకుంటారు, లేనివాళ్ళకి ఉచితం లేదా బాగా తక్కువ. ఇది మంచితనంతో మాత్రమే నడవలేదు. కంట్లో పెట్టే లెన్స్ విదేశాల నుంచి తెప్పిస్తే ఖరీదు తట్టుకోలేమని 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారుచేసుకున్నారు, ఖర్చు అంత దిగింది కాబట్టే అంతమందికి చెయ్యగలిగారు. మన హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా, 1987 నుంచి, డబ్బు కట్టలేనివాళ్ళకి ఉచితంగా చేస్తూనే ఉంది. అంటే ఇవ్వాలనుకునేవాడు ఇవ్వనివాడికంటే లెక్క గట్టిగా చూడాలి, ఖర్చు ఎక్కడ తగ్గుద్దా అని ఇంకా ఎక్కువ తంటాలు పడాలి.

బెజవాడ ప్రెస్:
మీరంతా పెద్దోళ్ళ దానాలు చెప్తున్నారు, నాకు మండేది ఒకటుంది. నాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. ఒక పెద్ద సంస్థ వాళ్ళు, పేరు వద్దులెండి, దుప్పట్లు పంచే కార్యక్రమానికి కరపత్రాలు, ఫ్లెక్సీలు నా దగ్గరే వేయించుకున్నారు, ఫొటోలు పేపర్లో వచ్చాయి, నా బిల్లు మాత్రం నెలల తరబడి తిప్పారు. చిన్న యూనిట్లకి 45 రోజుల్లోపు కట్టాలని 2006 చట్టంలోనే ఉంది, ఆలస్యమైతే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ కూడా ఇవ్వాలి. కానీ మళ్ళీ ఆర్డర్ ఇవ్వరేమోనని అడగడానికి నోరు రాదు. పనోళ్ళకి జీతం టైంకి ఇవ్వండి, చిన్నోడి బిల్లు టైంకి కట్టండి, ఆ తర్వాత పంచండి దుప్పట్లు. నా డబ్బు ఆపి చేసిన ధర్మం వాళ్ళదెలా అవుద్ది?

హైటెక్ సిటీ:
ప్రెస్ అన్నా ఇది కరెక్ట్. మా పెద్ద కంపెనీల్లో కూడా రెండు శాతం రూల్ ఉంది కదా, 2013 కంపెనీల చట్టం, మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. అది చేశాం కదా అని చిన్న వెండర్లని ఏడిపించే లైసెన్స్ అయితే రాదు.

మైలాపూర్ తెలుగు:
ప్రెస్ గారి మాట నాకు బాగా తగిలింది. తెనాలి గారూ, మీ విషయానికొస్తే అరువు పూర్తిగా ఆపకండి. మీరు కాదంటే ఆ కూలీ మనిషి వెళ్ళేది వందకి ఐదూ పదీ నెల వడ్డీ వాడి దగ్గరికి, లేకపోతే ఫోన్‌లో లోన్ యాప్‌కి. మీ దగ్గర వడ్డీ లేదు. ఎవరు కడతారు ఎవరు తప్పించుకుంటారు అన్నది మీ నాన్నగారికి తెలిసినంత ఏ బ్యాంకుకీ తెలియదు, ఆ తెలివిని వాడుకోండి. ఇంటికింత అని పరిమితి పెట్టండి, బియ్యం పప్పు నూనెకి మాత్రమే, కూల్ డ్రింకులకి గుట్కాకి రూపాయి కూడా వద్దు. లాభంలోంచి నెలకి ఇంత అని పక్కన పెట్టుకోండి, రాని బాకీ ఏదన్నా ఉంటే దాంట్లోంచి కొట్టేసుకోవడమే, దాన్ని పట్టుకుని వీధిలో నిలబెట్టి అడగొద్దు. ఏజెన్సీకి కట్టాల్సిన డబ్బు మాత్రం దేవుడొచ్చి అడిగినా ముట్టుకోవద్దు.

వరంగల్ దుకాణం:
పరిమితి మాట మంచిగనే ఉన్నది గని అది చెప్పుడే కష్టమన్నా. ఇరవై ఏండ్ల నుంచి వచ్చే ముసలమ్మకు మీ లిమిట్ అయిపోయింది అని ఎట్ల చెప్తరు?

తెనాలి కొట్టు:
అదేనండి నాక్కూడా భయం. నాన్నగారితో మాట్లాడాను, పరిమితికి సరే అన్నారు కానీ ఒంటరిగా ఉండే ముసలోళ్ళకి అది వర్తించదని, వాళ్ళ సరుకు తన పేరు మీద రాయమని చెప్పారు. తమ్ముడు కూడా కాదనలేదు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కొత్త పుస్తకం మొదలు. ప్రెస్ గారూ, మా బిల్లు బుక్కులు ఈసారి మీ దగ్గరే వేయిస్తాం, నంబర్ పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి, డబ్బు సరుకు తీసుకునేటప్పుడే ఇస్తాం.