తేనెటీగలు పోతే నాలుగేళ్లే అని ఐన్‌స్టీన్ నిజంగా అన్నాడా?

పాలెం కుర్రోడు:
మే 20 తేనెటీగల దినోత్సవానికి మా రైతు సంఘం తరఫున కరపత్రం వేయిస్తున్నాం, ఊళ్లో కొందరు కొత్తగా తేనెపెట్టెలు పెట్టారు లెండి. పైన పెద్దక్షరాల్లో "తేనెటీగలు అంతరిస్తే మనిషికి మిగిలేది నాలుగేళ్లే – ఐన్‌స్టీన్" అని వేద్దామంటున్నారు అందరూ. వాట్సాప్‌లో ఏటా తిరిగేదే. ఫిజిక్స్ ఆయనకి ఈగల గొడవేంటని నాకు అనుమానం. ఎక్కడ, ఎప్పుడు అన్నాడో తెలిస్తే చెప్పండి, రేపే ప్రెస్సుకి ఇవ్వాలి.

పుస్తకాల పురుగు:
వేయకండి. ఆయన రాతల్లో ఇది ఎవరికీ దొరకలేదు. ఐన్‌స్టీన్ మాటలన్నీ ఏరి పుస్తకం వేసిన ఆలిస్ కాలాప్రిస్ కూడా దీన్ని "ఆయనవి కాకపోవచ్చు" అన్న జాబితాలోకే నెట్టారు.

జాడ తీస్తే భలే ఉంటుంది. 1901లో బెల్జియం రచయిత మాటర్‌లింక్ తేనెటీగల మీద రాసిన పుస్తకంలో, అవి వాలకపోతే లక్షకు పైగా మొక్కల రకాలు మాయమవుతాయని ఒక అంచనా ఉంది. అందులో ఐన్‌స్టీన్ పేరెందుకుంటుంది, అప్పటికి ఆయన ఉద్యోగం కోసం తిరుగుతున్న 22 ఏళ్ల కుర్రాడు. 1941లో కెనడా తేనెటీగల పత్రికలో అదే లక్ష మొక్కల సంగతి మళ్లీ వచ్చింది, ఈసారి "నాకు గుర్తున్నంతవరకు ఐన్‌స్టీన్ అన్నాడు" అని. గుర్తున్నంతవరకు అట! నాలుగేళ్ల లెక్క 1960ల్లో, అంటే ఆయన 1955లో పోయాక, మళ్లీ తేనెటీగల పత్రికల్లోనే తేలింది. చవక దిగుమతి తేనె దెబ్బకి 1994లో బ్రస్సెల్స్‌లో పెంపకందార్లు ధర్నా చేసినప్పుడు, ఫ్రాన్స్ సంఘం పంచిన కరపత్రంలో ఎక్కింది. అవునండీ, కరపత్రమే. 2007 ప్రాంతంలో అమెరికాలో పెట్టెలకు పెట్టెలు ఖాళీ అవడంతో ప్రపంచమంతా పాకింది. మొదట్నుంచీ దీన్ని మోసింది ఆ వృత్తివాళ్లే. తేనె ధర పడిపోయిందంటే ఎవరు వింటారు, ఐన్‌స్టీన్ అన్నాడంటే వింటారు.

బయాలజీ టీచర్:
ఎవరన్నా సరే, అసలు మాటే తప్పు. వరి, గోధుమ, జొన్న, మొక్కజొన్న వీటికి ఈగతో పనిలేదు, గాలో సొంత పుప్పొడో చాలు. ప్రపంచంలో ప్రధాన ఆహార పంటల రకాల్లో సుమారు 75 శాతానికి కీటకాలూ పక్షుల్లాంటివాటి సాయం ఎంతోకొంత కావాలి గానీ, దిగుబడి బరువులో చూస్తే ఆ పంటల వాటా 35 శాతమే, అదీ పూర్తిగా పోదు. 1622లో వర్జీనియాకి ఓడలో వచ్చేదాకా ఉత్తర అమెరికాలో ఐరోపా తేనెటీగ జాతే లేదు, అక్కడివాళ్లు బతకలేదా? పుప్పొడి మోసే వేరే జాతుల ఈగలు ఉన్నాయనుకోండి.

కానీ పుచ్చ, గుమ్మడి, దోస వేరే కథ. మగపువ్వు ఒకచోట, ఆడపువ్వు ఒకచోట, పుప్పొడి ఎవరో మోయాలి. సరిగా అందకపోతే పిందె రాలిపోతుంది, నిలిచినా కాయ ఒకవైపు ఉబ్బి ఒకవైపు సొట్టపోతుంది. కోసి చూడండి, సొట్టవైపు గింజలు సరిగా కట్టవు. మీ రైతులకి ఆ ఫోటో చాలు.

సిగ్నల్ వీక్:
ఒక్కటి మాత్రం నిజం, ఐన్‌స్టీన్‌కి తేనెటీగల మీద ఆసక్తి ఉంది. మేత ఎక్కడుందో తోటివాటికి చెప్పడానికి తేనెటీగలు చేసే నాట్యాన్ని వివరించిన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1949లో ఐన్‌స్టీన్ ఉండే ప్రిన్‌స్టన్ (అమెరికా) వచ్చి మాట్లాడితే వెళ్లి విన్నాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఒకాయనకి రాసిన ఉత్తరంలో ఆ పరిశోధనని మెచ్చుకుని, వలసపక్షులు, పావురాల తీరు గమనిస్తే ఇంకా తెలియని భౌతిక ప్రక్రియ ఏదైనా బయటపడొచ్చు అన్నాడు. ఆ ఉత్తరం 2021లో వెలుగులోకి వచ్చింది. నాలుగేళ్ల ఊసు అందులోనూ లేదు.

పాలెం కుర్రోడు:
టీచర్‌గారూ, సొట్ట పుచ్చకాయ మా చేలోనే దొరికింది, పైన అదే వేస్తున్నాం. మా ప్రెసిడెంటుగారు మాత్రం మాట తీసేసినా ఐన్‌స్టీన్ ఫోటో ఉంచమంటున్నారు, డిజైన్‌కి డబ్బులిచ్చేశారట.