55 వేలల్లో గేమింగ్ పీసీ, షాపుల ఐ7 అంటున్నరు, తీస్కోవచ్చా?

హనుమకొండ_పోరడు:
అన్నలూ నమస్తే. నాది బీటెక్ సెకండియర్, కొత్తగ పీసీ తీస్కుందామనుకుంటున్న, ఇంట్ల 55 వేలు ఇస్తమన్నరు, మానిటర్ కీబోర్డు మౌస్ ఉన్నయి కాబట్టి పైసలన్నీ సీపీయూ డబ్బాకే పెట్టొచ్చు. ఇక్కడ ఒక షాపుల అడిగితే ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 ఎస్‌ఎస్‌డీ, లోపల రంగు లైట్లు, మొత్తం 32 వేలకే ఇస్త అన్నడు. కాయితం మీద రాసిచ్చింది చూస్తే ఐ7 3770, హెచ్61 బోర్డు, జీటీ 730 అని ఉన్నది. ఐ7 కదా మంచిదే ఉంటది, పైసలు కూడ మిగుల్తయి అని మా నాన్న అంటున్నడు. నేను ఆడేది వాలొరెంట్, జీటీఏ 5, వీలైతే సైబర్‌పంక్. కాలేజీకి కోడింగ్, కొంచెం బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్). ఇది తీస్కోవచ్చా, లేకపోతే విడి పార్టులు కొని పెట్టించుకోవాల్నా? జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి.

బెజవాడ_బిల్డర్:
తమ్ముడూ, అది మాత్రం వద్దు. ఐ7 అన్న పేరు చూసి మీ నాన్నగారు మంచిదనుకోవడంలో తప్పేం లేదు, చాలామంది అలాగే అనుకుంటారు, ఇలాంటి అమ్మకాలన్నీ ఆ పేరు మీదే నడుస్తున్నాయి. చూడాల్సింది ఐ పక్కన ఉన్న 7 కాదు, ఆ తర్వాత వచ్చే నంబరు. 3770 అంటే మూడో జనరేషన్, 2012లో వచ్చిన ప్రాసెసర్, దాంతో పడే ర్యామ్ కూడా డీడీఆర్3. 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్‌కి కూడా దీనికున్నట్టే 4 కోర్లు 8 థ్రెడ్లే, అయినా ఆటల్లో 3770 దాని దరిదాపుల్లోకి కూడా రాదు.

ఇంకో సంగతి, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పే లిస్టులో ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ నుంచే ఉంటాయి, విండోస్ 10కేమో 2025 అక్టోబర్‌తో మామూలు సపోర్ట్ అయిపోయింది. నువ్వాడే వాలొరెంట్ విండోస్ 11 మీద నడవాలంటే టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ని చెక్ చేసే సెట్టింగ్) రెండూ అడుగుతుంది, ఆ హెచ్61 బోర్డుతో అవన్నీ ఎక్కడ కుస్తీ పడతావ్. ఇక జీటీ 730 అయితే 2014 నాటి కార్డు. 4 జీబీ అని గొప్పగా చెప్తారు గానీ మెమరీ ఎక్కువున్నంత మాత్రాన చిప్‌కి బలం రాదు. పైగా ఆ తరం కార్డులకి ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు ఇవ్వడం 2021లోనే ఆపేసింది. సైబర్‌పంక్ మాట ఇంక మర్చిపోవాల్సిందే.

55 వేలు పెట్టగలిగినవాడివి, గ్రాఫిక్స్ కార్డు ముందు ఎంచుకో, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకో. నేనైతే ఆర్‌ఎక్స్ 6600 చెప్తా, 8 జీబీ, కరెంటు 132 వాట్లే, ఒక్క 8 పిన్ వైరు చాలు, 1080పీలో ఈ బడ్జెట్‌కి హాయిగా సరిపోతుంది. దానికి రైజన్ 5 5600, బీ550 బోర్డు, 8 జీబీలవి రెండు డీడీఆర్4 3200 ర్యాములు, 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ), 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే పవర్ సప్లై). ఏఐ సర్వర్ల దెబ్బకి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి కాబట్టి ఏ రోజుకారోజు రేటు అడగాలి. మొత్తం లెక్క దాటిపోతుంటే 5600 బదులు 12100ఎఫ్, హెచ్610 బోర్డుకి దిగు గానీ కార్డు మాత్రం తగ్గించకు.

పార్క్‌లేన్_రాజు:
పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను సికింద్రాబాద్‌లో సీటీసీ (కంప్యూటర్ షాపులుండే బిల్డింగ్) చుట్టుపక్కలే తిరుగుతుంటా కాబట్టి ఒకటి చెప్తా, షాపు వాళ్ళు బడ్జెట్ తగ్గించమనగానే ముందు చెయ్యి పెట్టేది ఎస్‌ఎంపీఎస్ మీదే, క్యాబినెట్‌తో పాటు ఫ్రీ అని ఒకటి అంటగడతారు. అది తీసుకుంటే పక్కకి తిప్పి స్టిక్కర్ చదువు. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్స్ అని ఉంటుంది, కింద చిన్న టేబుల్‌లో 12 వోల్ట్ గడి ఉంటుంది, దాని కింద ఎన్ని ఆంపియర్లో చూడు. 16 అని ఉంటే 12 పదహార్లు 192, అంటే నీ కార్డుకి ప్రాసెసర్‌కి కలిపి దొరికేది 192 వాట్లే అన్నమాట. లోడ్ పడగానే సిస్టమ్ టప్పున ఆగిపోతుంది, ఖర్మ బాగోకపోతే బోర్డుని కూడా పట్టుకుపోతుంది. ఇక్కడ వెయ్యి రూపాయలు మిగుల్చుకోవడం కంటే లైట్లు లేని క్యాబినెట్ తీసుకోవడం నయం.

సెకండ్ హ్యాండ్ కార్డు చూపిస్తే షాపులోనే పీసీలో పెట్టించి జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) ఓపెన్ చేయించు, బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చిన పాత కార్డయితే పేరు ముందు ఫేక్ అని చాలాసార్లు అదే చూపిస్తుంది. ఆర్‌ఎక్స్ 580 అని చెప్పి 2048ఎస్‌పీ అమ్ముతుంటారు, అసలు 580కి 2304 షేడర్లు (బొమ్మ గీసే చిన్న యూనిట్లు) ఉండాలి, ఇది లోపల 570తో సమానం. కాసేపు గేమ్ ఆడి చూడకుండా డబ్బులియ్యకు.

హనుమకొండ_పోరడు:
చాలా థ్యాంక్స్ అన్నా, నాన్నకు 2012 అని చూపిచ్చిన, ఆయనే వద్దన్నడు ఇప్పుడు. ఇంకో డౌట్, ఫ్రెండ్ ఒకడు 5600జీ తీస్కో, కార్డు తర్వాత కొనుక్కోవచ్చు అంటున్నడు, మరి అట్ల చేస్తే? ఇంకోటి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ సస్తల వస్తుంది, అది పెడితె నడవదా?

వైజాగ్_సిరి:
కార్డు ఇప్పుడే కొనగలిగితే 5600జీ వద్దు. పేరులో జీ (అంటే లోపలే గ్రాఫిక్స్ ఉంటుంది) ఒక్కటే తేడా అనిపిస్తుంది గానీ 5600కి 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉంటే దీనికి 16 మాత్రమే, పైగా పీసీఐఈ (కార్డుని ప్రాసెసర్‌తో కలిపే దారి) 3.0 దగ్గరే ఆగిపోతుంది. 6500 ఎక్స్‌టీకి ఉన్నవి 4 లేన్లే కాబట్టి 3.0 మీద పెడితే దానికి బాగా దెబ్బ తగులుతుంది, 4 జీబీ మెమరీ నిండిందంటే ఆట ఆగి ఆగి నడుస్తుంది, వీడియో రికార్డ్ చేసే ఎన్‌కోడర్ కూడా అందులో లేదు, నీకు స్ట్రీమింగ్ ఆశ ఉంటే అక్కడే అయిపోయింది. 5600జీ డబ్బులు నిజంగా తక్కువున్నవాళ్ళకి మంచి దారే, జీటీఏ 5, వాలొరెంట్ కార్డు లేకుండానే ఆడొచ్చు, కాకపోతే అది వాడుకునేది మామూలు ర్యామ్‌నే కాబట్టి రెండు స్టిక్కులు వెయ్యాల్సిందే.

నీ బ్లెండర్ గురించి ఎవరూ చెప్పలేదు. రెండరింగ్ సీరియస్‌గా చేస్తావంటే ఎన్విడియా కార్డే మేలు, సైకిల్స్‌లో (బ్లెండర్ రెండర్ ఇంజిన్) ఎన్విడియా వాళ్ళ ఆప్టిక్స్ వల్ల చాలా టైమ్ కలిసొస్తుంది, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీది బడ్జెట్‌లో దొరికితే చూడు. 3050 అన్నారంటే మాత్రం 8 జీబీదా 6 జీబీదా అని అడుగు, రెండూ ఒకే పేరుతో అమ్ముతారు, 6 జీబీ దానిలో చిప్ కూడా తగ్గించారు. కొంచెం బ్లెండర్, ఎక్కువ ఆటలు అంటే 6600 చాలు.

బిగించేటప్పుడు ర్యాములు ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో పెట్టాలి, నాలుగు స్లాట్ల బోర్డయితే. మొదటిసారి ఆన్ చేశాక బోర్డు బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని అసలు స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యి, లేదంటే 3200 ర్యామ్ కాస్తా 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది, నువ్వు ఇచ్చిన డబ్బులకి పూర్తి స్పీడ్ రాదు. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, కార్డుకి పెట్టు, 5600లో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డుకి పెడితే స్క్రీన్ నల్లగానే ఉంటుంది, చాలామంది పీసీ పాడైందనుకుని భయపడిపోయేది ఇక్కడే.

హనుమకొండ_పోరడు:
అక్కా సూపర్, అన్నీ రాసుకున్న. 5600, బీ550, 6600 ఫిక్స్, క్యాబినెట్ లైట్లు లేనిదే. మా ఇంట్ల కరెంట్ మస్తు పోతది, పాత 600 వీఏ యూపీఎస్ ఉంది, నడుస్తదా?

పార్క్‌లేన్_రాజు:
600 వీఏ అంటే వాట్లలో దాదాపు 360. 5600, 6600 కలిపి ఆట ఆడేటప్పుడు మానిటర్‌తో సహా ఆ లోపలే ఉంటుంది, బ్యాటరీ బాగుంటే సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత టైమ్ ఇస్తుంది, ఆట కంటిన్యూ చేద్దామనుకోకు. బ్యాటరీ ముసలిదైతే ముందు అది మార్పించు. బిల్లు మాత్రం జీఎస్టీతో తీసుకో, ప్రతి పార్టు సీరియల్ నంబరు దాని మీద రాయించు, ప్రాసెసర్, కార్డు, ర్యామ్ దేని వారంటీ దానిదే, మూడేళ్ళ తర్వాత అడిగితే షాపు వాళ్ళకి గుర్తుండదు, డబ్బాలు కూడా పారెయ్యకు.