విశాఖలో శీతాకాలం కూరగాయలు: నారు ఎప్పుడు పోస్తున్నారు?

వాల్తేరు మిద్దె
అందరికీ నమస్కారం. దసరా ముందు రోజు టమాటా, వంగ, కాలీఫ్లవర్ నారు పోశాను. బాగానే మొలిచాయి, రెండేసి ఆకులు కూడా వచ్చాయి. తర్వాత మూడు రోజులు ఎడతెరిపి లేకుండా ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున చూస్తే టమాటా నారంతా ఒకే పక్కకి వాలిపోయి ఉంది, ఒక మొక్కని వేలితో లేపి చూశాను, పైన ఆకు ఇంకా పచ్చగానే ఉంది కానీ మట్టిని ఆనుకున్న చోట కాడ దారంలా సన్నబడి మెత్తగా నల్లబడిపోయింది. చాలా బాధేసింది. మళ్ళీ ఇప్పుడే పోయమంటారా, వానలు పూర్తిగా వెళ్ళేదాకా ఆగమంటారా? మాది ఐదంతస్తుల పైన మిద్దె, సముద్రం గాలి నేరుగా తగులుతుంది.

పెందుర్తి పెరడు
అది నారుకుళ్ళు తెగులమ్మా. వాలిన మొక్క ఇక లేవదు, తీసి దూరంగా పారేయండి, ఆ మట్టిని మళ్ళీ నారుకి వాడొద్దు. తడి ఆరకపోవడం, విత్తనం ఒత్తుగా పడటం, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే ఈ తెగులు ఒక్క రాత్రిలో కుండీ అంతా పాకుతుంది. వంగ, కాలీఫ్లవర్ నారు ఇంకా నిలబడి ఉంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల్ని చంపే మందు లీటరు నీళ్ళకి 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడిసేలా పోయండి.
ఈసారి కుండీలో కాకుండా ట్రేలో పోయండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా చివికిన వర్మీకంపోస్టు సమానంగా కలిపి, అందులో కొంచెం ట్రైకోడెర్మా విరిడి (తెగులు రాకుండా కాపాడే మేలు శిలీంధ్రం) వేసుకోండి, గుంటకి ఒక్క గింజే. ట్రైకోడెర్మా వేసిన చోట కాపర్ మందు పోయకూడదు, అది కూడా శిలీంధ్రమే కాబట్టి మందుకి చచ్చిపోతుంది. ట్రే అయితే మబ్బు పట్టగానే రెండు చేతులా ఎత్తి లోపల పెట్టేసుకోవచ్చు, మన ఊళ్ళో అక్టోబరులో నారుకి అంతకన్నా రక్షణ లేదు.

మధురవాడ కొండకింద
చెల్లీ, ఆగొద్దు, అలాగని ఉన్న విత్తనమంతా ఒకేసారి పోయొద్దు. మా ఇంట్లో మా అత్తయ్యగారు దసరాకి ఒక విడత, దీపావళికి ఒక విడత, కార్తీక పౌర్ణమికి ఒక విడత పోసేవారు. దసరా నుంచి దీపావళికి ఇరవై రోజులు, అక్కణ్ణుంచి పౌర్ణమికి పదిహేను రోజులు. ఒక విడత వాన పాలైనా తర్వాతది చేతికొస్తుంది, కాయలు కూడా ఒక్కసారే విరగకాయకుండా సంక్రాంతి దాటాక కూడా వస్తూ ఉంటాయి. వీడియోల్లో హైదరాబాద్ వాళ్ళు, ఉత్తరాది వాళ్ళు చెప్పే తేదీలు చూసుకుని చాలామంది మోసపోతున్నారు. వాళ్ళకి అక్టోబరు వచ్చేసరికి వానలు తగ్గుముఖం పడతాయి, మనకి వానలు బాగా పడే నెలల్లో అక్టోబరు ఒకటి, పైగా తుఫాన్ల కాలం.
హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న. అప్పుడు మేము ఎండాడలో ఉండేవాళ్ళం. గాలి తగ్గాక బయటికొచ్చి చూస్తే చెట్లకి మిగిలిన ఆకులు కూడా నిప్పు సెగ తగిలినట్టు గోధుమరంగులోకి తిరిగిపోయాయి, ఉప్పు నీటి తుంపర అంతా ఆకులకి పట్టేసింది. అప్పటినుంచి ఏ వాయుగుండం దాటినా ముందు నేను చేసే పని మంచినీళ్ళతో ఆకులు రెండు వైపులా కడగడం. మీ మిద్దె సముద్రం పక్కనే కాబట్టి మామూలు రోజుల్లో కూడా వారానికోసారి కడగండి, తూర్పు పక్కన గ్రీన్ నెట్ కట్టండి. నెట్‌ని గట్టిగా బిగించి కట్టాలి, వదులుగా ఉంటే గాలికి అదే మొక్కల్ని కొడుతుంది.

గాజువాక గంప
కాలీఫ్లవర్ గురించి నేను చెప్తాను, రెండేళ్ళు పోగొట్టుకుని నేర్చుకున్నది. మొదటి ఏడు స్నోబాల్ రకం వేశాను. చెట్టంత ఆకులు వచ్చాయి, ఫిబ్రవరి దాకా చూశాను, పువ్వు లేదు. ఆ రకాలకి పువ్వు కట్టాలంటే గట్టి చలి కావాలి, అరకు, లంబసింగిలో ఉండే చలి వేరు, మన దగ్గర జనవరి రాత్రుల్లో కూడా 18 డిగ్రీలకి అటూఇటూ ఉంటుంది. రెండో ఏడు ముందస్తు హైబ్రిడ్ తెచ్చాను, కానీ కుండీలు ఖాళీ లేక నారుని నలభై రోజులు ట్రేలోనే ఉంచేశాను. తీసి నాటాక పట్టుమని పది ఆకులు రాకుండానే గుండీ అంత పువ్వు కట్టి ఆగిపోయింది. మూడో ఏడు అదే రకం, నారు ఇరవై ఐదు రోజులకే మార్చేశాను, పక్షం రోజులకోసారి వర్మీకంపోస్టు వేశాను, అరకిలో పైన పువ్వులు కోశాం. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక వేడి తట్టుకునే రకమా, ముందస్తు రకమా అని చదివి మరీ తీసుకోండి. పువ్వు నిమ్మకాయంత కాగానే దాని ఆకుల్నే పైకి మడిచి అరటినారతో కట్టేస్తే ఎండకి పసుపెక్కదు.

వాల్తేరు మిద్దె
అందరికీ చాలా థాంక్స్ అండీ, నేను కొన్నది స్నోబాలే, ఇప్పుడే ప్యాకెట్ తీసి చూశాను. ఇంకో సందేహం. జూలైలో పెట్టిన చిక్కుడు పందిరంతా అల్లుకుంది కానీ ఒక్క పూత లేదు. పీకేసి అక్కడ బీన్స్ పెట్టమంటున్నారు మా వారు.

చోడవరం పొలంగట్టు
పీకొద్దు అక్కా!! తీగ చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తుంది, మీరు ఎప్పుడు పెట్టినా అంతే. ఇంకొన్ని రోజులు ఓపిక పట్టండి, కార్తీకంలో మొదలుపెడితే మాఘం దాకా కాస్తూనే ఉంటుంది. ఇప్పుడు చేయాల్సిందల్లా నత్రజని ఆపేయడం. గత్తం, జీవామృతం ఏదీ వేయకండి, వేస్తే ఆకే పెరుగుతుంది. పందిరి కింద పండుటాకులు, ముదురాకులు తీసి గాలి ఆడనివ్వండి. పూత గెలలు వచ్చాక మాత్రం రోజూ చూడాలి, పేనుబంక ముందు ఆ లేత గెలల మీదే నల్లగా గుంపుగా చేరుతుంది. మా అమ్మ చీపురుపుల్లతో నెమ్మదిగా దులిపి, కింద పడినవాటిని నలిపేసేది. నేను వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొడుతున్నాను. కొత్తగా పెట్టుకోవాలనుకునేవాళ్ళు ఇప్పుడైతే చెట్టు చిక్కుడు పెట్టుకోండి, దానికి ఈ పగలు రాత్రి పట్టింపు లేదు.

సీతమ్మధార కుండీలు
ఆకుకూరల సంగతి ఎవరూ చెప్పలేదు. పాలకూర, మెంతికూర ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, ఎర్రమట్టి మరీ ఎక్కువ వేయకండి, వాన దెబ్బకి పైన పెచ్చు కట్టేసి మొలక పైకి రాదు. ధనియాలు రెండు బద్దలుగా నలిపి, రాత్రి నానబెట్టి చల్లండి, పదిరోజుల దాకా మొలవలేదని కంగారు పడి మళ్ళీ చల్లొద్దు. ముల్లంగి, క్యారెట్ ఎక్కడ పెంచుతారో అక్కడే గింజ పడాలి, నారు తీసి మారిస్తే దుంప చీలిపోతుంది. పచ్చి గత్తం వేసినా చీలుతుంది.

పెందుర్తి పెరడు
కుండీల కింద రంధ్రాలు ఒకసారి పుల్లతో పొడిచి చూడండి అందరూ. వేరు పెరిగి మూసుకుపోయి ఉంటుంది. కుండీని రెండు ఇటుకల మీద పెడితే నీళ్ళు దిగుతాయి, స్లాబూ బాగుంటుంది. గట్టి వాన వెలిసిన మర్నాడు మొక్కకి గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి, మట్టిలో బలమంతా నీళ్ళతో పాటు పోయి ఉంటుంది.

వాల్తేరు మిద్దె
ఇవాళ మళ్ళీ పోశాను. మూడు ట్రేలు, టమాటా ఇరవై, వంగ పన్నెండు, ముందస్తు కాలీఫ్లవర్ పన్నెండు, మిగతా గింజలు దీపావళికి ఉంచాను. వాటర్ ట్యాంకు కింద వాన తగలని చోట పెట్టాను. అక్కడ ఎండ పొద్దున ఒక గంటే వస్తుంది, సరిపోతుందా?

మధురవాడ కొండకింద
మొలిచేదాకా సరిపోతుంది చెల్లీ. తలలు కనిపించిన రోజు నుంచి మాత్రం వాన లేనప్పుడల్లా బయట ఎండలో పెట్టు, లేకపోతే కాడలు సన్నగా పొడుగ్గా సాగిపోతాయి. రాత్రికి మళ్ళీ ట్యాంకు కిందే.